చుక్కలు కనబడని వెలుగు: ఇంట్లో చేసుకునే ఎల్‌ఈడీ పనులకి తెర ఎంచుకోవడం

విజయనగరం గంటస్తంభం దగ్గర్లో మాది ఫొటో ఫ్రేముల షాపు. మామగారు పెట్టిందే. ఆయన రోజుల్లో పనంటే బీడింగు మూలలు కోయడం, అద్దం కోయడం, వెనకాల హార్డ్‌బోర్డు పెట్టి మేకులు కొట్టడం. ఇప్పుడు వచ్చినవాళ్లలో చాలామంది "లోపల లైటు వెలగాలమ్మా" అంటున్నారు. దసరా దగ్గర పడితే ఇంకా ఎక్కువ. విజయదశమి వెళ్లిన మంగళవారం పైడితల్లమ్మ సిరిమానోత్సవం కదా, ఆ రోజుకి అమ్మవారి ఫొటో హాల్లో వెలుగుతూ ఉండాలని ఈ ఊళ్లో ఎంతమందికి ఉంటుందో షాపులో కూర్చుంటే తెలుస్తుంది.

నేను చేసిన మొట్టమొదటి లైటు ఫ్రేము ఒక్క రోజులో తిరిగొచ్చేసింది. పట్టుకెళ్లిన పెద్దావిడ మర్నాడు పొద్దున్నే కొడుకు చేత మోయించుకుని వచ్చింది. "సూడమ్మా, తల్లి మొకం నిండా ఆటలమ్మ పోసినట్టు లేదేటి?" అంది. ప్లగ్గు పెట్టి చూశాను. నిజమే. బుగ్గల మీద, నుదుటి మీద, బొట్టు పక్కన, వరసగా తెల్లటి చుక్కలు. వెనకాల ఎన్ని ఎల్‌ఈడీలున్నాయో లెక్కపెట్టేసుకోవచ్చు. అర అంగుళం లోతు పెట్టెలో స్ట్రిప్పు, అంటే ఎల్‌ఈడీలు వరసగా అతికించి వచ్చే పట్టీ, అంటించి, పైన ఒక్క పొర బటర్ పేపరు వేసి, దాని మీద ఫొటో పెట్టేశాను. చేసేటప్పుడు పట్టపగలు, ట్యూబులైటు కింద చూసుకున్నాను కాబట్టి బాగానే కనబడింది. ఆవిడ ఇంట్లో రాత్రి దీపాలు తగ్గించాక అసలు సంగతి బయటపడింది.

డబ్బు తిరిగిచ్చేసి ఆ ఫ్రేము ఉంచేసుకున్నాను. నెల రోజులపాటు షాపు కట్టేశాక దాని మీదే, వెలుగుని చెదరగొట్టే తెరగా రకరకాల షీట్లు వేసి చూశాను. ఇప్పుడు చెప్పేదంతా ఆ ఫ్రేము నేర్పిందే. లైటు ఫొటో గానీ, పూజగది వెనక పలక గానీ, పిల్లల గదిలో రాత్రి దీపం గానీ, ఇంటి పేరు బోర్డు గానీ, ఏది చేసుకున్నా పద్ధతి ఒకటే.

ముందు లోతు చూసుకోండి

అందరూ అడిగేది "ఏ షీటు వెయ్యాలండీ?" అని. నేను తిరిగి అడిగేది "మీ పెట్టె లోతెంత?" అని. షీటు సంగతి ఆ తర్వాతే వస్తుంది.

గోడకి దగ్గరగా టార్చిలైటు పెడితే చిన్న వలయం పడుతుంది, వెనక్కి జరిగితే పెద్దదవుతుంది. స్ట్రిప్పు మీద ప్రతి ఎల్‌ఈడీ అలాంటి టార్చే. దాని వెలుగు ఇంచుమించు 120 డిగ్రీల మేర విచ్చుకుంటుంది. పక్కపక్క ఎల్‌ఈడీల వలయాలు ఒకదాని మీద ఒకటి బాగా పరుచుకునేంత దూరంలో షీటు ఉంటే చుక్కలు మాయమవుతాయి. అంతకన్నా దగ్గరగా ఉంటే ఎంత ఖరీదైన షీటు వేసినా చుక్కలు మిగులుతాయి.

అంచేత స్ట్రిప్పు కొనేటప్పుడే మీటరుకి ఎన్ని ఎల్‌ఈడీలో అడగండి. మీటరుకి 60 ఉంటే రెండింటి మధ్య దూరం 16.7 మిల్లీమీటర్లు. 30 ఉంటే 33, 120 ఉంటే 8 చిల్లర. ఎల్‌ఈడీల మధ్య ఎంత దూరముందో, ఎల్‌ఈడీ నుంచి షీటుకి కనీసం అంత దూరం ఉండాలి. ఒకటిన్నర రెట్లు ఇస్తే మంచి షీటుతో నిశ్చింతగా ఉంటుంది. అంటే 60 స్ట్రిప్పుకి 25 మిల్లీమీటర్లు, మన లెక్కలో ఒక అంగుళం. 30 స్ట్రిప్పుకి రెండంగుళాలు. నేను ఆవిడకి చేసిచ్చింది అర అంగుళంలో 60 స్ట్రిప్పు. ఇంక చుక్కలు రాకుండా ఎలా ఉంటాయి?

ఇంకొకటి మర్చిపోతారు. ఒక స్ట్రిప్పు మీద చుక్కల మధ్య దూరం సరే, ఒక వరసకీ ఇంకో వరసకీ మధ్య దూరం సంగతేమిటి? వరసలు మూడేసి అంగుళాల ఎడంలో అంటించి, లోతు అంగుళమే ఇస్తే చుక్కలు పోయి చారలు వస్తాయి. దుప్పటి మీద గళ్లలాగా. వరసల మధ్య ఎడం పెట్టె లోతుకి మించనివ్వకండి.

ఇక్కడే ఖర్చు లెక్క కూడా తేలుతుంది. 12 అంగుళాలకి 18 అంగుళాల ఫ్రేము అనుకుందాం. 12 వోల్టుల 60 స్ట్రిప్పుని మూడు ఎల్‌ఈడీలకొకసారి, అంటే 5 సెంటీమీటర్లకొకసారి కత్తిరించుకోవచ్చు కాబట్టి పొడవు వైపు 45 సెంటీమీటర్ల ముక్కలు పడతాయి. లోతు అంగుళం చిల్లర అయితే 3 సెంటీమీటర్లకొక వరస చొప్పున పది వరసలు, మొత్తం నాలుగున్నర మీటర్లు. అదే లోతు రెండంగుళాలు ఇచ్చుకుంటే 5 సెంటీమీటర్లకొక వరస సరిపోతుంది. ఆరు వరసలు, 2.7 మీటర్లు. స్ట్రిప్పు సగానికి కాస్త ఎక్కువతో పనైపోయింది. లోతు కోసం పట్టే చెక్క ఖర్చు దాని ముందు ఎంత! గోడ మీద రెండంగుళాలు ముందుకొచ్చినా ఫరవాలేదనే చోట నేనెప్పుడూ రెండంగుళాలే ఇస్తాను.

ఇక అర అంగుళానికి మించి కుదరదు, పలచగానే ఉండాలి అంటారా, షీట్ల కోసం తిరగడం మానేసి సీఓబీ స్ట్రిప్పు కొనుక్కోండి. అందులో చిన్న చిన్న చిప్పులు వందల కొద్దీ ఒత్తుగా పెట్టి పైన పసుపు పూత గీతలాగా పోస్తారు. అసలు విడివిడి చుక్కలే ఉండవు. దాని మీద షీటు పని కళ్లకి గుచ్చుకోకుండా చూడడం, వరసల చారలు చెరపడం అంతే.

స్కేలు పరీక్ష

ఏ షీటు దొరికినా, అది దేంతో చేశారో తెలియకపోయినా, ఈ ఒక్క పరీక్షతో దాని గుణం తేలిపోతుంది. నా బల్ల కింద ఇందుకోసం ఒక చెక్కముక్క ఉంటుంది. దాని మీద అడుగు పొడవు 60 స్ట్రిప్పు అంటించి ఉంది, పక్కన ఒక ఉక్కు స్కేలు నిలువుగా బిగించి ఉంది. గది చీకటి చేసి స్ట్రిప్పు వెలిగించండి. షీటుని స్ట్రిప్పుకి ఆనించండి. ఎల్‌ఈడీలు చలిమిడి ముద్ద మీద నువ్వుల్లాగా స్పష్టంగా కనబడతాయి. ఇప్పుడు షీటుని నెమ్మదిగా పైకి లేపండి. నువ్వులు కాస్తా మసకబారి శనగగింజలవుతాయి. ఇంకొంచెం లేపితే ఒకదాన్నొకటి అంటుకుని లావుపాటి తాడులాగా కనబడతాయి. ఇంకా లేపితే తాడు మీద ముడులు కూడా పోయి సాఫీగా ఒక పట్టీ అయిపోతుంది. ఆ ఎత్తు స్కేలు మీద చూసి షీటు మూల మీద పెన్సిల్‌తో రాసుకోండి. మీ పెట్టె లోతు ఆ అంకె కన్నా తక్కువైతే ఆ షీటు మీకు పనికిరాదు.

రెండు జాగ్రత్తలు. మన కన్ను సర్దుకుపోతుంది, కాసేపు చూస్తే అంతా సమంగానే ఉందనిపిస్తుంది. ఫోను కెమెరా పెట్టి, తెర మీద వేలు ఉంచి వెలుగు బాగా తగ్గించి చూడండి. కంటికి కనబడని చుక్క కెమెరాకి దొరికేస్తుంది. రెండోది, షీటుని పక్కవాటుగా కూడా చూడండి. ఎదురుగా బాగున్న షీటు పక్కనుంచి చూస్తే చుక్కలు బయటపెట్టొచ్చు. హాల్లో మనుషులందరూ ఫొటోకి ఎదురుగానే కూర్చోరు కదా.

నా స్కేలు మీద 3 మిల్లీమీటర్ల మిల్కీ అక్రిలిక్, అంటే పాలరంగు ప్లాస్టిక్కు షీటు, రెండు సెంటీమీటర్ల దగ్గరే సాఫీ అయిపోయింది. ఒక్క పొర బటర్ పేపరుకి మూడున్నర పట్టింది. గరుకుకాగితంతో నేను రుద్దిన ప్లెయిన్ (అవతలిది కనబడే) అక్రిలిక్ ఐదు సెంటీమీటర్లకి కూడా తాడు ముడులు వదల్లేదు.

పెట్టె లోపల తెలుపు

షీటు తన మీద పడిన వెలుగునంతా ముందుకి పంపదు. కొంత వెనక్కి తిప్పి కొడుతుంది. ఆ వెనక్కొచ్చిన వెలుగు నల్లటి హార్డ్‌బోర్డు మీద పడితే అక్కడే చచ్చిపోతుంది. తెల్లటి గోడ మీద పడితే మళ్లీ తిరిగి షీటు దగ్గరికొస్తుంది, ఈసారి వేరే చోట తగులుతుంది. అలా రెండు మూడుసార్లు తిరిగేసరికి చుక్కలకీ ఖాళీలకీ తేడా దానంతటదే తగ్గిపోతుంది. అందుకని లోపల అడుగూ, నాలుగు గోడలూ మెరుపు లేని తెల్ల రంగు రెండు కోట్లు వెయ్యండి. గోడకి వేసే తెల్ల ప్రైమరు చాలు. రంగు ఓపిక లేకపోతే తెల్ల సన్‌బోర్డు ముక్కలు కోసి అంటించండి.

మెరిసే వెండి కాగితం మాత్రం వద్దు. చాలామంది వెలుగు పెరుగుతుందని అన్నం పొట్లాలు చుట్టే ఫాయిల్ అంటిస్తారు. అది అద్దం లాంటిది. ఎల్‌ఈడీల నీడబొమ్మలు అందులో కనబడి, ఉన్న చుక్కలకి ఇంకో వంద చుక్కలు తోడవుతాయి. ముడతలు పడితే ఆ ముడతలన్నీ గీతలుగా తెర మీదకి వచ్చేస్తాయి.

షీట్లు, ఒక్కొక్కటి

మిల్కీ అక్రిలిక్ గురించి ముందు చెప్తాను, ఎందుకంటే నా పనిలో ముప్పాతిక వంతు దానితోనే. రెండు రకాల మసక ఉంటుందని గుర్తుంచుకోండి. ఒకటి పైపైన గరుకు: ఫ్రాస్టెడ్ అద్దం, రుద్దిన ప్లాస్టిక్కు, కిటికీలకంటించే మసక స్టిక్కరు. వెలుగు ఆ గరుకు మీద ఒక్కసారి చెదిరి బయటికొచ్చేస్తుంది. రెండోది ఒళ్లంతా పాలరంగు: షీటు లోపల మొత్తం తెల్లటి రేణువులు కలిపి పోస్తారు. వెలుగు లోపల ఒక రేణువు తర్వాత ఇంకోదానికి తగులుకుంటూ చాలాసార్లు చెదిరి గానీ బయటికి రాదు. బాత్రూము కిటికీకి మొదటిది చాలు. చుక్కలు చెరపాలంటే రెండోదే కావాలి.

మిల్కీ షీటు కొనేటప్పుడు ఒక మోసపోయే చోటుంది. సైన్‌బోర్డులవాళ్ల దగ్గర తెల్ల అక్రిలిక్ అంటే రెండు మూడు తెలుపులుంటాయి. అక్షరాలు కోసి అంటించే తెలుపు చూడ్డానికి అచ్చం ఇలాగే ఉంటుంది గానీ వెలుగుని దాదాపు ఆపేస్తుంది. ఒకసారి తొందరలో అదే కోయించి తెచ్చాను. ఫొటో వెలిగిందా లేదా అని కళ్లు చికిలించి చూడాల్సొచ్చింది. కోయించక ముందే ఫోను టార్చి షీటు వెనక ఆనించి చూడండి. ముందువైపు నిండుగా, తెల్లగా వలయం వెలగాలి, టార్చి గింజ ఆకారం తెలియకూడదు. గింజ తెలిస్తే షీటు పలచన. వలయమే బొగ్గులాగా మందంగా ఉంటే అది బోర్డు తెలుపు. కొత్త షీటు కొననక్కర్లేదు కూడా, బోర్డుల షాపుల్లో మూలన కోతముక్కలు పడుంటాయి. అడిగితే తూకానికి ఇచ్చేవాళ్లున్నారు.

కోసేటప్పుడు పైన కాగితం పీకకండి. అక్రిలిక్ కట్టరుతో ఒకే గీత మీద పది పన్నెండు సార్లు లాగి, గీతని బల్ల అంచుకి పెట్టి ఒక్కసారి విరవండి. తుడవడానికి సబ్బునీళ్లు, మెత్తటి గుడ్డ. థిన్నరు, స్పిరిటు తగిలితే సన్నటి పగుళ్లు వస్తాయి, వెలుగులో అవి జుట్టు పీచుల్లాగా కనబడతాయి. ఇంకో మాట, అక్రిలిక్ ఎండకి సాగుతుంది. మీటరు పొడవు షీటు 30 డిగ్రీల తేడాకి రెండు మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఫ్రేము గాడిలో బిగుతుగా కూర్చోబెడితే మే నెలలో ఉబ్బి ముందుకొస్తుంది. చుట్టూ ఒక మిల్లీమీటరు ఖాళీ వదలండి, జిగురు పెట్టకండి.

బటర్ పేపరు, ట్రేసింగ్ పేపరు పరీక్షలకి బంగారం లాంటివి. పదిహేను నిమిషాల్లో పెట్టె లోతు సరిపోతుందో లేదో చెప్పేస్తాయి. కానీ వాటిని అలాగే వదిలేస్తే మన వానాకాలం గాలికి అలలు తిరిగిపోతాయి. అల ఉన్న చోటల్లా ఒక నీడ. కాగితమే కావాలంటే పలచటి ప్లెయిన్ అద్దానికీ ఇంకో ప్లెయిన్ షీటుకీ మధ్య నొక్కి ఉంచండి, అప్పుడు కదలదు. కాగితానికి కొంచెం పసుపుచాయ ఉంటుంది. దేవుడి ఫొటోకి అది అందమే. పేరు బోర్డుకి మాసినట్టుంటుంది.

పొరల విషయంలో చాలామందికి తెలియని చిట్కా ఒకటుంది. రెండు పొరలు కలిపి ఒకచోట వేస్తే చీకటి పెరుగుతుంది గానీ చుక్కలు తగ్గేది తక్కువ. అవే రెండు పొరల మధ్య ఒక సెంటీమీటరు ఖాళీ వదిలి చూడండి. మొదటి పొర మీద మసకబారిన చుక్క, రెండో పొర దగ్గరికి వచ్చేసరికి ఇంకా విచ్చుకుంటుంది. ఆ తిరిగొచ్చిన ఫ్రేముని చివరికి నేను బాగుచేసింది ఇలాగే. పెట్టె పగలగొట్టకుండా ముందువైపు ఇంకో బీడింగు చట్రం పెంచి, లోపల బటర్ పేపరుని రెండు షీట్ల మధ్య నొక్కి ఉంచి, సెంటీమీటరున్నర ముందు మిల్కీ షీటు పెట్టాను.

ఫ్లెక్సు వేసేవాళ్ల దగ్గర బ్యాక్‌లిట్ ఫ్లెక్సు అని అడగండి. రోడ్ల మీద పుట్టినరోజు శుభాకాంక్షలకి వేసేది కాదది. మామూలు ఫ్లెక్సు వెలుగుకి అడ్డంపెడితే లోపల నూలు గళ్లు కనబడతాయి, వెనక నల్లపూత ఉన్నదైతే అసలు వెలుగే రాదు. బ్యాక్‌లిట్‌ది తెల్లగా, సాఫీగా, మైనం గుడ్డలాగా ఉంటుంది. పెద్ద పలకలకి, అంటే పూజగది వెనక గోడంతా వెలగాలి అన్నప్పుడు, మిల్కీ షీటు కొనలేని చోట ఇదే గతి. చట్రానికి మంచం నవారులాగా అన్నివైపులా లాగి బిగించాలి. మూలల్లో ముడత పడనివ్వకండి. ఇక ఫొటో కూడా వెనకనుంచి వెలిగేది కావాలంటే మామూలు ఫొటో పేపరు మీద తీయించకండి. మచ్చలు మచ్చలుగా వెలుగుతుంది. ట్రాన్స్‌లైట్ మీద, అంటే వెలుగు దాటనిచ్చే ప్రింటు ఫిల్ము మీద, రంగులు కాస్త ముదురుగా కొట్టమని చెప్పి తీయించండి. వెనక లైటు పడగానే రంగులు పలచబడతాయి.

థర్మోకోల్ జోలికి పోకండి. వెలుగుని బాగానే చెదరగొడుతుంది, చవక, అందరి ఇళ్లలో ఉంటుంది, అందుకే ఆశ పుడుతుంది. కానీ వేడికి కుంగుతుంది, నిప్పంటుకుంటే కరిగి కారుతూ మండుతుంది. దేవుడి గదిలో దీపారాధన పక్కన దాన్ని పెట్టమని నేనెవరికీ చెప్పను.

ఇంట్లోనే దొరికేవి

మాడిపోయిన ఎల్‌ఈడీ బల్బు పారెయ్యకండి. హోల్డరు నుంచి తీసి, టోపీ అంచులో సన్నటి స్క్రూడ్రైవరు పెట్టి చుట్టూ కొద్దికొద్దిగా ఎత్తితే పాలరంగు టోపీ ఊడొస్తుంది. ఒక్క ఎల్‌ఈడీ దీపానికి అంతకన్నా మంచి తెర ఎక్కడా కొనలేరు. మా అమ్మాయి గదిలో రాత్రి దీపం అదే. వాడేసిన ఎల్‌ఈడీ ట్యూబు మీది పొడుగు తెల్ల కప్పు అలమర అంచులకీ, వంటింటి గట్టు కిందకీ సరిపోతుంది. తెల్లటి ఐస్‌క్రీము డబ్బాలు, పెరుగు డబ్బాలు, ఆఫీసు ఫైళ్ల తెల్ల ప్లాస్టిక్కు అట్టలు కూడా స్కేలు పరీక్షలో బాగానే నెగ్గాయి. పింగ్‌పాంగు బంతులు దీపాల దండకి చాలా బాగుంటాయి గానీ పాతవి వద్దు. 2014కి ముందు పోటీలకి వాడినవి సెల్యులాయిడ్‌వి, అగ్గిపుల్ల తగిలితే భగ్గుమంటాయి.

అసలైన నిధి మాత్రం తెర పగిలిన టీవీ. మూడు లాంతర్ల వైపు టీవీలు బాగుచేసే ఒకాయన దగ్గర గోడకి చేరేసి ఉంటే మొదటిసారి చూశాను. "ఇయ్యి ఏటి చేస్తారమ్మా, తీస్కెల్లండి" అన్నాడు. వెనకనుంచి ఎల్‌ఈడీలు వెలిగే రకం పెద్ద టీవీల్లో గట్టిగా, పాలరంగులో, రెండు మిల్లీమీటర్ల మందాన ఒక పలక ఉంటుంది. చుక్కలు చెరపడానికే ఫ్యాక్టరీలో తయారుచేసిన పలక అది! దాని మీద రెండు మూడు పలచటి షీట్లుంటాయి. అందులో ఒకటి పట్టుకుని చూస్తే వస్తువు రెండుగా కనబడుతుంది, వేలితో రాస్తే సన్నటి గీతలు తగులుతాయి. అది వెలుగుని ముందుకి తోసే షీటు. ఎదురుగా చూసే ఫొటోకి మెరుపిస్తుంది, పక్కనుంచి చూసేవాళ్లకి చీకటి చేస్తుంది. పూజగదిలో నేను వాడను. మసక షీటొక్కటే ఉంచుకుంటాను.

పలచటి కంప్యూటరు మానిటరులో అయితే లోపల మందపాటి, అవతలిది కనబడే గాజులాంటి ప్లాస్టిక్కు పలక ఉంటుంది, వెనకవైపు సన్నటి చుక్కల అచ్చుతో. అంచు నుంచి వెలుగు పంపితే ముఖమంతా వెలుగుతుంది. సెంటీమీటరు లోతులో ఫ్రేము కావాలన్నవాళ్లకి ఆ పలక అంచున స్ట్రిప్పు పెట్టి చేసిస్తాను. ఒక్క హెచ్చరిక: పాత మానిటర్లలో అంచున పెన్సిలు కన్నా సన్నటి గాజు గొట్టాలుంటాయి. వాటిలో పాదరసం ఉంటుంది. అవి కనబడితే పిల్లల్ని దూరంగా పంపించి, పగలకుండా గొట్టాలని పక్కకి తీసిపెట్టండి. టీవీ అయినా మానిటరు అయినా కరెంటు బోర్డు జోలికి మీరు వెళ్లొద్దు. ఆ షాపువాళ్ల చేతే విప్పించుకోండి.

పొందూరు కండువా దీపం

మా అమ్మగారి పుట్టిల్లు పొందూరు. తాతగారి ఖద్దరు కండువా ఒకటి అమ్మ పెట్టెలో మడత పెట్టి ఉంచింది. కొండపత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి, చేత్తో వడికి, చేత్తో నేసిన గుడ్డ. ఊపిరి తగిలితే కదులుతుంది. దాంతో దీపం చేసివ్వమని అమ్మ అడిగింది. నేను భయపడుతూనే చేశాను.

గుడ్డ ఎంత మంచిదైనా చుక్కలు చెరపదు. నేతలో పోగుకీ పోగుకీ మధ్య సందులుంటాయి, ఆ సందుల్లోంచి ఎల్‌ఈడీ నేరుగా చూస్తుంది. పట్టు, జార్జెట్, దోమతెర, ఏదైనా అంతే. గుడ్డ పని అందం, చుక్కల పని దాని వెనక షీటుది. అందుకని చతురస్రపు చట్రానికి నాలుగు వైపులా లోపల మిల్కీ షీట్లు పెట్టి, మధ్యలో నిలువు పుల్లకి స్ట్రిప్పు చుట్టి, షీట్లకి అర అంగుళం బయట కండువాని కత్తిరించకుండా అలాగే చుట్టి బట్ట క్లిప్పులతో పట్టాను. వెలిగించగానే పోగులు కనబడ్డాయి. ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా, రాట్నం దగ్గర చెయ్యి ఆగిన చోట చిన్న ముడి. మిల్లు గుడ్డ వెనక లైటు పెడితే గళ్లు గీసినట్టుంటుంది. ఇది అలా లేదు. అమ్మ చాలాసేపు ఆ ముడి మీద వేలు పెట్టి కూర్చుంది.

గుడ్డ వాడితే గుడ్డకీ వెలుగుకీ మధ్య ఎప్పుడూ షీటు ఉండాలి, అందం కోసమే కాదు, వేడి ఎల్‌ఈడీ నూలుకి తగలకూడదని కూడా.

రంగు, వేడి, పురుగులు

కుంకుమ, పసుపు, బంగారు నగలు ఉన్న ఫొటోకి 3000 కెల్విన్ (వెలుగు రంగు కొలత) దగ్గర వార్మ్ వైట్, అంటే పసుపుచాయ తెలుపు, తీసుకోండి. 6500 తెలుపులో అమ్మవారి పసుపు పాలిపోతుంది. షీటు వేశాక రంగు కొద్దిగా మారుతుంది కాబట్టి ఆ రెండూ కలిపి చూశాకే నిర్ణయించుకోండి.

వాట్లు లెక్కేసుకోండి. 2835, 5050 అనే అంకెలు ఎల్‌ఈడీ కొలతలు, 2.8కి 3.5 మిల్లీమీటర్లు, 5కి 5 మిల్లీమీటర్లు. 2835 రకం 60 స్ట్రిప్పుల్లో మీటరుకి 4.8 వాట్లది దొరుకుతుంది, 5050 రకం సాధారణంగా 14.4 వాట్లు. పైన చెప్పిన 2.7 మీటర్లకి ఆ 4.8 వాట్లది అయితే 13 వాట్లు, 12 వోల్టుల 2 యాంపియర్ల అడాప్టరు హాయిగా మోస్తుంది. అదే నాలుగున్నర మీటర్లు అయితే దాదాపు 22 వాట్లు, అడాప్టరు 24. అంత అంచున నడపొద్దు, 3 యాంపియర్లది పెట్టండి. మూసిన పెట్టెలో 5050 స్ట్రిప్పు నేను పెట్టను, వేడికి వెనక జిగురు వదిలేసి వరసలు ఊడి వేలాడతాయి. అడాప్టరు ఎప్పుడూ ఫ్రేము బయటే ఉండాలి. ఫ్రేములోకి 12 వోల్టులే వెళ్లాలి, 230 కాదు. పేరు లేని ఒక చవక అడాప్టరు మా షాపులోనే పొగ వదిలింది. అది పెట్టె లోపల ఉండి ఉంటే ఫొటో, గోడ రెండూ పోయేవి.

గాలి ఆడడానికి కిందా పైనా రెండేసి రంధ్రాలు పెడతాం కదా, ఆ రంధ్రాల్లోంచే వానాకాలం పురుగులు లోపలికి వెళ్తాయి. వెలుగు మీదకి వచ్చి, అక్కడే చచ్చి, షీటు అడుగున పోగవుతాయి. ముందు నుంచి చూస్తే ఫొటో కింది అంచున నల్లటి మరకలు. ఒక ఇంట్లో అమ్మవారి పాదాల దగ్గర రెక్కల ఆకారంతో సహా నీడ కనబడింది. రంధ్రాలకి లోపలి వైపు దోమతెర ముక్క అంటించండి. అయినా కొన్ని దూరతాయి. అందుకే వెనక బోర్డుని జిగురుతో గానీ మేకులతో గానీ మూసెయ్యకండి, నాలుగు మూలలా నాలుగు స్క్రూలు చాలు. నా దగ్గర ఫ్రేము కొన్నవాళ్లకి అందరికీ చెప్తాను, ఏడాదికోసారి, దసరాకి ఇల్లు దులిపే రోజున దాన్ని కూడా దించి, ప్లగ్గు తీసి, స్క్రూలు విప్పి, మెత్తటి కుంచెతో లోపల దులపమని. ఆ పెద్దావిడ తన ఫ్రేముని ఆ రోజు షాపుకే తెచ్చేస్తుంది. నేను దులుపుతుంటే ఎదురుగా బల్ల మీద కూర్చుని, మళ్లీ మూసి వెలిగించాక దగ్గరికొచ్చి ఒకసారి, పక్కకి జరిగి ఒకసారి చూసుకుని గానీ పట్టుకెళ్లదు.